త్సుబామె నడక

జపాన్‌లో తోకొరొజావా ఊరు, రెండో అంతస్తు ఇల్లు. అక్టోబరు చివరి ఆదివారం, పొద్దున. గుడికి వెళ్లడానికి నల్లబట్టలు కట్టుకున్న మామ, కోడలు టీవీ ముందు కూర్చుని, త్సుబామె అనే ముసుగు వీరుడి పిల్లల సీరియల్లో ఇందాక వచ్చిన ఎపిసోడు మళ్లీ వేసుకున్నారు.

"ఆపు, ఆపు! వెనక్కి తిప్పు."

"ఎక్కడిదాకా మామయ్యా?"

"త్సుబామె గోడ మీంచి దూకుతాడు చూడు, అక్కడికి. ఆఁ, అదీ. చిహరూ, ఆ దూకింది మావాడేనంటావా?"

"ఆయనే. అనుమానమెందుకు?"

"ఎడం కాలు ముందు ఆనించాడేం మరి?"

"ఎడం కాలేంటి, కుడికాలు. ముందు ఆ కళ్లజోడు తుడుచుకోండి."

"నా కళ్లజోడు జోలికి రాకు. నలభై ఏళ్లు గోడలకి మట్టి మెత్తినవాణ్ణి. వెంట్రుకవాసి వంకరున్నా నా కంటికి ఆనుతుంది."

"గోడలు కదలవు కదా. మీ అబ్బాయి కదులుతాడు. ఇటు చూడండి. దూకి లేచాక నడుము ఒక్కసారి ఇలా సర్దుకున్నాడా? చూశారా? అదీ ఆయన గుర్తు. పెళ్లికి ముందు ఆదివారాలు పెద్ద షాపు మేడ మీద వీరుల ఆటలు వేసేవారు కదా, అంతమంది పిల్లల మధ్య నేనొక్కదాన్నే పెద్దదాన్ని. సిగ్గు లేకుండా ముందు వరసలో కూర్చునేదాన్ని. ఓ వారం ఎర్రవీరుడు, ఓ వారం నల్లవీరుడు. ముసుగు ఏది తగిలించినా ఆ నడుము చూసి, లోపల ఇతనే అని పట్టేసేదాన్ని. అసలు మొహం ఎలా ఉంటుందో తెలియకముందే..."

"నడక చూసి మనసు పారేసుకున్నావు. తెలుసులేవే, లక్షసార్లు చెప్పావు."

"మరి ఇంకేం. ఈ దూకుడు ఆయనదే. ముందుకు పోదామా?"

"పోదాం గానీ, ఈ కథేంటమ్మా అసలు? అవతల నత్తరాక్షసుడు ఊరంతా జిగురు పూసి పోతుంటే, వీడు వెళ్లి నూడుల్స్ కొట్లో కూర్చుంటాడేం?"

"ఆలోచన రావడానికి మామయ్యా. జిగురుకి ఉప్పు విరుగుడని అక్కడే తడుతుంది."

"నత్త మీద ఉప్పు చల్లాలని చంటిపిల్లాడిక్కూడా తెలుసు. దానికి రెండు గిన్నెలు తినాలా?"

"తినేది ఆ మొహం కనపడే కుర్రాడు. ఆయన కాదుగా."

"అదే నా మంట. పోస్టర్ల మీద వాడి మొహం, పెళ్లిళ్లలో రిబ్బన్లు కత్తిరించడానికి వాడు. గోడలు దూకి ఒళ్లు హూనం చేసుకునేది ముసుగులో ఉన్నవాడు. పిల్లలకి చెప్పకూడదు, పక్కింటివాళ్లకి చెప్పకూడదు. వీధిలో పిల్లలు మా త్సుబామె, మా త్సుబామె అని ఎగురుతుంటే, ఒరేయ్ వాడు నా కొడుకురా అని చెప్పుకోలేక ఇంట్లోకి వచ్చి తలుపేసుకునేవాణ్ణి."

"పెళ్లిళ్లలో రిబ్బన్లు ఎవరు కత్తిరిస్తారు మామయ్యా, అది దుకాణాలకి."

"ఏదో ఒకటి. ఇదిగో, ఇక్కడ చూడు. వంతెన మీద వాన. వంతెన కింద ఎండ. ఆ మెడగుడ్డ ముడి చూడు, ఇందాక ఎడమ పక్కనుంది, ఇప్పుడు కుడి పక్కకొచ్చింది. ఇంతమంది సెట్ మీద ఉండి ఒక్కడూ చూడడా?"

"ముడి సంగతి నేనూ చూశాను. పోయిన వారమూ అంతే. ఈ సంవత్సరం కథ రాసేవాళ్లకీ శ్రద్ధ లేదు, తీసేవాళ్లకీ శ్రద్ధ లేదు."

"అన్నిటికన్నా ఆ నత్త! అబ్బబ్బ, ఏం సాగదీశాడే. పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. చెయ్యి చాపుతాడు. ఎవరికోసం చాపుతాడు ఆ చెయ్యి? త్సుబామె వెనకాల పోజు పెట్టి నిలబడి ఉంటే, కెమెరా మాత్రం ఈ దరిద్రుణ్ణి పట్టుకుని వదలదు."

"అదొక్కటీ నాకూ ఒళ్లు మండింది. ఉన్నదే ఒక్క ఎపిసోడు. అంతసేపు ఆ పెంకు గాణ్ణి చూపించే బదులు ఆయన్ని చూపించొచ్చు కదా. ఒక్కసారి వెనక్కి తిరిగి నడిచినా చాలు."

"ఊఁ."

"ఇంకెక్కడ చూస్తాం మామయ్యా? ఆయన పోయే ముందురోజు దాకా తీసింది ఇంతవరకే. వచ్చే ఆదివారం నుంచి లోపల వేరే మనిషి."

"ఏడవకు. ఏడవకే తల్లీ. నువ్వు మొదలెడితే నేనాగలేను."

"ఏడవట్లేదు. వెతుకుదాం. ఆయన ఆఖరి గెంతు ఏదో నాకు తెలియాలి. మధ్యాహ్నం నలభై తొమ్మిదో రోజు పూజ అయిపోతే ఆయన ఇక్కడి నుంచి వెళ్లిపోతారంటారు కదా. మిమ్మల్ని చిట్టచివరి దాకా చూశాను, ఒక్కటీ వదల్లేదు, ఇక వెళ్లిరండి అని చెప్పాలి. ఏది చివరిదో తెలీకుండా ఎలా పంపను?"

"నాకూ అంతేనమ్మా. ఇన్నాళ్లూ వాడు పోయినట్టు లేదు. ఆదివారం ఆదివారం వచ్చి పలకరించి పోతున్నట్టే ఉంది. శనివారం రాత్రి నిద్రపట్టేది కాదు నాకు, పండగ ముందు చిన్నపిల్లాడికిలా."

"వంతెన మీద గెంతు ఉంది చూడండి, అదే చివరిదనుకుంటున్నాను. కానీ గట్టిగా చెప్పలేకపోతున్నాను. నడుము ఆయనదే. గెంతే మరీ... మరీ తేలిగ్గా ఉంది. ఫోన్లో ఎవరో రాశారు కూడా, వేసవి నుంచే లోపలి మనిషి మారాడని."

"ఎవడు వాడు? వాడికి నీకంటే ఎక్కువ తెలుసా? కన్నవాణ్ణి నాకంటే ఎక్కువ తెలుసా?"

"అదేలెండి. బెల్లు మోగింది. సేనో అయ్యుంటాడు, గుడికి కలిసి వెళ్దాం రమ్మన్నాను."

"సేనో ఎవరు?"

"మీ అబ్బాయి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు మామయ్యా. వచ్చే వారం నుంచి త్సుబామె అతనే."

"మావాడి చోట్లో దూరినవాడా."

"అలా అనకండి. పాపం, అతనేం చేశాడు? వస్తున్నా, వస్తున్నా! రండి సేనో."

"నమస్కారం వదినా. ఇది యోకాన్ మిఠాయి. అన్నకి తీపి ఇష్టం కదా అని..."

"ముందు ఆయన పటం దగ్గర పెట్టి, అగరొత్తి వెలిగించండి. ఈయన మా మామయ్య."

"నమస్కారం పెద్దాయనా. అన్న మీ గురించి చాలా చెప్పేవాడు."

"ఏం చెబుతాడు, కోపిష్టి ముసలాడని చెప్పుంటాడు. దణ్ణం పెట్టుకున్నావా? రా, ఇలా కూర్చో బాబూ. మంచి సమయానికి వచ్చావు. మామా కోడళ్లకి తగువు పడింది, నువ్వు తీర్చాలి. చిహరూ, వంతెన దగ్గర పెట్టు."

"పెట్టాను. చూడండి సేనో. ఇది ఆయనేనా?"

"ఇది... ఇవాళ్టి ఎపిసోడా వదినా? నేనింకా చూడలేదు."

"చూడకపోతే ఏం, తీసినప్పుడు అక్కడే ఉన్నారుగా."

"ఉన్నానండీ. చాలా మందిమి ఉన్నాం. ఆ రోజు వాన కూడా..."

"వాన సంగతి తర్వాత. మనిషి సంగతి చెప్పండి."

"గుడికి ఆలస్యం అవుతుందేమో వదినా."

"కాదు. ఇంకా రెండు గంటలుంది."

"అతన్నేం అడుగుతావమ్మా, నేను చెబుతాను. విను బాబూ. అది నా కొడుకే. చూడు, రెండు కాళ్లూ దగ్గరికి లాక్కుని, గాల్లో ఒక్క క్షణం నిలబడ్డాడు చూశావా? ఎన్నేళ్ల నుంచి చూస్తున్నాను, వాడు పుట్టి ఇంత గొప్పగా గెంతలేదు!"

"థాంక్సండీ."

"ఏమన్నారు సేనో?"

"ఏం లేదు వదినా. టీకి... టీకి థాంక్స్ అన్నాను."

"టీ ఇంకా పొయ్యలేదు."

"వదినా, నేను..."

"మీరెందుకు థాంక్స్ చెప్పారు?"

"నోరు జారాను. క్షమించండి."

"బాబూ, నీళ్లు నమలకుండా చెప్పు. ఆ గెంతింది ఎవరు?"

"నేనే పెద్దాయనా."

"సరే. వంతెన ఒక్కటీ నువ్వు. ఆ గోడ దూకుడు?"

"అదీ నేనే."

"నడుము! సేనో, నడుము సర్దుకున్నాడు కదా! నా రెండు కళ్లతో చూశాను."

"అన్న నేర్పించాడు వదినా. సాయంత్రాలు ఏటిగట్టు మీద నడిపించేవాడు నన్ను. ఒరేయ్, దూకడం ఎవడికైనా వస్తుంది, లేచాక నడుము సర్దుకో, లేకపోతే మా ఇంట్లో పట్టేస్తుంది అని. అది వచ్చేదాకా వదల్లేదు."

"మా ఇంట్లో పట్టేస్తుంది అన్నారా?"

"అవును వదినా."

"ఎందుకు? ఎందుకు దాచారు?"

"మోకాలు పోయింది. వానలు మొదలైనప్పుడు. ఇంకోసారి దూకితే నడవలేవన్నాడు డాక్టరు. అన్న ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు, దర్శకుడి చేత కూడా. పిల్లలకి త్సుబామె మారకూడదు కదా. అది పైకి చెప్పిన మాట. నాకు మాత్రం ఒక రోజు ఇంకో మాట చెప్పాడు."

"ఏం చెప్పారు?"

"చిహరు నా నడక చూసి నన్ను కట్టుకుంది, ఇప్పుడు ఆ నడక లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా అన్నాడు."

"పిచ్చి మనిషి. ఎంత పిచ్చి మనిషి! మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవారు మామయ్యా. ఏంటండీ అంటే, అలసట అనేవారు. నేను నమ్మాను. పక్కనే ఉండి నమ్మాను."

"ఊరుకోమ్మా. వాడు చెప్పలేదు, నీకెలా తెలుస్తుంది?"

"ఇన్ని ఆదివారాలూ నేను మీ నడుము చూసి ఏడ్చానా సేనో?"

"క్షమించండి వదినా. మీ ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను."

"మరి ఆయన ఆఖరి గెంతు ఏది?"

"జూన్‌లో తీశాం. చెరువు గట్టు మీద పోరాటం ఉంది కదా, అది. ఆగస్టులో వచ్చేసింది టీవీలో."

"ఆగస్టులో... ఆయన ఇక్కడే కూర్చుని చూశారు. నేను చేపలు వేయిస్తున్నాను. ఏమేవ్, చూశావా, బాగుందా అని అడిగారు. ఊఁ, బాగుంది అన్నాను. తల కూడా తిప్పలేదు నేను. అదే చివరిదని ఆయనకి తెలుసు. చూపిద్దామని పిలిచారు మామయ్యా. నన్ను చూడమని పిలిచారు."

"ఇటు రా తల్లీ. ఇలా రా. ఒరేయ్ బాబూ, అన్నీ తెలిసి ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఉన్నావురా?"

"ఒట్టేశాను పెద్దాయనా."

"ఒట్టు పెట్టించుకున్నవాడు పోయాడు కదరా!"

"పోయాడు కాబట్టే మరీ ఒట్టు తప్పలేకపోయాను."

"సరే, ఏదీ దక్కలేదు మాకు. ఆగస్టు నుంచీ మావాడు ఒక్క ఎపిసోడులోనూ లేడు. ఊరికే నీ చుట్టూ తిరిగాం. చిహరూ, ఆపెయ్ అది."

"ఆగండి మామయ్యా. సేనో, చివర్లో పేర్లు వేస్తారు కదా. ముసుగుల వాళ్ల పేర్లన్నీ ఒకేచోట ముద్దగా వేస్తారు. అందులో ఆయన పేరు ప్రతి వారమూ ఉంది. ఇవాళ కూడా ఉంది, చదివాను. మనిషి లేకుండా పేరెందుకు వేశారు?"

"మనిషి లేడని నేననలేదు వదినా."

"అంటే?"

"అన్న ఇవాళ్టి ఎపిసోడులో ఉన్నాడు. ప్రతి ఎపిసోడులోనూ ఉన్నాడు. ఇంట్లో కూర్చోమంటే వినలేదు. గెంతకుండా చేసేది ఏదైనా ఇమ్మని దర్శకుడి వెంటపడ్డాడు. నిలబడి దెబ్బలు తినే పనయితే మోకాలితో పనిలేదని..."

"ఎక్కడున్నారు సేనో?"

"నత్తలో."

"నత్తా?"

"నత్తే. పోయిన వారం పుట్టగొడుగు రాక్షసుడు, ఆ ముందు వారం కుండ రాక్షసుడు. అన్నీ అన్నే. నేను కొడుతుంటే, గట్టిగా కొట్టరా, పిల్లలు నమ్మాలి అని లోపల్నుంచి అరిచేవాడు."

"ఆ పడ్డం, లేవడం, చెయ్యి చాపడం..."

"అదే అన్న చేసిన ఆఖరి పని వదినా. తెల్లారి లేవలేదు. నిజానికి అంత పొడుగు పెట్టకూడదు దాన్ని. పడిపోగానే కత్తిరించాలి. కానీ ఎడిటింగు టేబుల్ దగ్గర కూర్చునేసరికి అన్న లేడు. ఎక్కడ కత్తిరించాలో అందరికీ తెలుసు, ఒక్కడికీ చెయ్యి రాలేదు. తీసింది తీసినట్టు ఉంచేశారు."

"మామయ్యా! విన్నారా? ఉన్నారు. అంతసేపూ ఆయనే! తిప్పుతున్నాను, ఉండండి. ఇదిగో వచ్చింది. ఎడమ చేత్తో నేల ఆనుకుంటున్నారు చూడండి. మోకాలు నొప్పి కాబోలు, కుడికాలు మడవట్లేదు. అయ్యో, ఎంత బరువండీ ఆ పెంకు! మామయ్యా, అటు తిరిగి కూర్చున్నారేంటి? చూడండి, మీ అబ్బాయి."

"నువ్వు చూడమ్మా."

"మీరూ రండి. మళ్లీ దొరకరు."

"నా వల్ల కాదు తల్లీ."

"ఎందుకు మామయ్యా?"

"పొద్దున మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు చేతిగుడ్డలో మొహం దాచుకుని ఏడుస్తున్నావు, నన్ను చూడలేదు. ఆ నత్త పడిపోయి ఇక లేవకపోయేసరికి, నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. నా కొడుకు గెలిచాడని."