అక్క వేళ్ళ మీద నల్ల మచ్చలు

"అమ్మమ్మా, పెద్దమ్మమ్మకి ఆ తణుకు సంబంధం ఎందుకు తప్పిపోయింది? ఎప్పుడడిగినా నవ్వుతావేంటి?"

నవ్వక ఏం చెయ్యమంటావే? ఆ సంబంధం కోసం నా చేతులు పుళ్ళు పడ్డాయి. ఉండు, చెప్తాను. ఆ కిటికీ తలుపు కాస్త చేరవెయ్యి, ఎండ మొహం మీద పడుతోంది. ఆఁ.

మా అక్క కరుణ నాకంటే పదేళ్ళు పెద్ద. ఏలూరు మొత్తానికి... మొత్తానికేమో నాకు తెలీదుగానీ, మా పేటలో మద్రాసెళ్ళి కెమిస్ట్రీ చదివిన ఆడపిల్ల అదొక్కతే. నాన్నగారు మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లలే కాదు, ఇంట్లో పిల్లి కూడా ఆయనంటే హడిలిపోయేది. అక్కకి డిగ్రీ అవగానే, పై చదువుకి సీటిస్తామని కాలేజీ వాళ్ళు ఉత్తరం రాశారు. నాన్నగారు చదివి, మడిచి బీరువాలో పెట్టేసి, "చదివింది చాలు" అన్నారు. తణుకు నించి పెళ్ళివారొస్తున్నారని మర్నాడు చెప్పారు. ఆయనకి ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. అక్క తలూపేసి లోపలికెళ్ళిపోయింది.

ఆ సెలవుల్లో అది కొల్లేరు పక్క మా అమ్మమ్మగారి ఊరెళ్ళి ఏ నీళ్ళలో ఉప్పెంతుందో చూస్తానని బావి బావికీ సీసాలతో నీళ్ళు పట్టుకొచ్చింది. వేసవి వస్తే అక్కడి నీళ్ళు ఉప్పన కదా, తాగేనీళ్ళు పడవ మీద తెచ్చుకునేవారు పాపం. సిల్వర్ నైట్రేటని ఏదో మందు, ఓ చుక్క వేస్తే ఉప్పున్న నీళ్ళు పాలలా తెల్లబడిపోయేవి. చూస్తూ కూచునేదాన్ని నేను. అయితే ఆ మందు వేళ్ళకి అంటి, ఎండ తగిలిందా, ఇంక నల్ల మచ్చలే.

పెళ్ళివారు శనివారం వస్తారనగా గురువారం చూసింది మా అమ్మ ఆ వేళ్ళు. "ఓసి నీ చదువు తగలెయ్య!" అని లబోదిబోమంది. రుద్దే పని నామీద పడింది. నిమ్మకాయలు... అప్పట్లో అర్ధణాకి డజనిచ్చేవారు తెలుసా, ఇప్పుడు ఒక్కటి కొనాలంటే ఆలోచించాలి... ఏం చెప్తున్నాను? ఆఁ, నిమ్మకాయ, చింతపండు, బూడిద, అన్నీ అయ్యాయి. నా వేళ్ళు ఒరుసుకుపోయి ఒకటే మంట. మచ్చలు మాత్రం కదల్లేదు. అక్క చెయ్యి నాకిచ్చేసి, "నెమ్మదిగా తల్లీ" అంటూ కూచునేది.

శనివారం వచ్చారు. చేతులు పైటలో దాచుకోమంది అమ్మ. పెళ్ళికొడుకు తల్లి మహా భక్తురాలు, "ఏదీ, ఒక కీర్తన చదువమ్మా" అని బైబిలు చేతికిచ్చింది. ఇంకేముంది! తెల్లటి పేజీ మీద నల్లటి వేళ్ళు. "ఇదేమైనా జబ్బాండీ?" అని మా అమ్మని అడిగిందావిడ. అక్కే, "కాదండీ, నా పనే ఇదండీ" అంది మెత్తగా. ఉప్మా సగంలో వదిలేసి లేచారు. కాఫీలు తాగారో లేదో నాకు సరిగ్గా గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో చూద్దును కదా, అక్క తన పెట్టెలోంచి రెండు సీసాలు తీసి కూచుంది. ముందు వేళ్ళకి టింక్చరు అయోడిన్ పూసింది. తరవాత హైపో అని, ఫోటోలు కడగడానికి వాడతారే, ఆ నీళ్ళతో కడిగింది. మచ్చలు పోయాయి!

"ఇది ఎప్పట్నించి ఉందే నీ దగ్గర?" అన్నాను.

"మద్రాసు నించి తెచ్చుకున్నానే" అంది.

నా కడుపు మండిపోయింది. ఏడుస్తూ వెళ్ళి నాన్నగారికి చెప్పేశాను. అవునే, నేనే చెప్పాను. పదేళ్ళదాన్ని, కోపం మరి.

నాన్నగారు అక్కని పిలిచి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. "పోతాయని ముందే తెలుసా?" అన్నారు.

"తెలుసు నాన్నగారూ."

అబద్ధం చెప్పలేదు చూడు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేనైతే బెత్తం ఎక్కడుందా అని చూస్తున్నాను. ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

"నేనంటే అంత భయమా తల్లీ?" అన్నారు.

ఆయన గొంతు అలా వినడం నాకదే మొదలు. బీరువాలోంచి ఉత్తరం తెచ్చి అక్క చేతిలో పెట్టారు. ఏలూరు స్టేషన్లో మద్రాసు బండి ఎక్కించింది కూడా ఆయనే.

తరవాత అక్క నీళ్ళు పరీక్ష చేసే లేబరేటరీలో చేరింది, అందరూ మగాళ్ళే, ఇదొక్కతే. ఆ కొల్లేరు పక్కన, కలిదిండి వైపు ఎవరు బావి తవ్వినా, "కరుణమ్మగారు చూశారా అండీ?" అని అడిగేవారట. ముప్పై దాటేక నచ్చినాయన్ని చేసుకుంది.

నేనా? నాకు పదహారేళ్ళకే చేసేశారు. మీ తాతయ్య మంచివారే, ఏమీ అనను. కానీ నాకూ చదువుకోవాలని ఉండేదే. అక్కని పంపినాయన నన్ను ఆపుతారా? ఎవరైనా అడిగితే చెబుదామని చూశాను. ఎవరూ అడగలేదు...

నువ్వలా ఉండకమ్మా. కావాలంటే కావాలను, వద్దంటే వద్దను, నోరు తెరిచి చెప్పు. చల్లగా ఉండు తల్లీ.