అరువు పిల్లలు

ఏదే, ఆ జీడిపిక్కలు పోసిన గోదామా? అది గోదాం కాదు తల్లీ, బడి. నువ్వీ ఊరు కోడలుగా ఒచ్చి ఆరేల్లు, నీకేటి తెలుత్తాది. కాన్మెంటు యాను రాడానికి ఇంకా టైమున్నాది, నీ గుంటడు ఆడుకుంటన్నాడులే, కూకో. ఆ బడిలో నానే ఒండీదాన్ని. మద్దినేల పిల్లలకి అన్నం, పప్పుసారు. తిరుపతిరావు మేస్టారని ఉండీవోడు. పలాసలో రైలెక్కి, పూండిలో దిగి, అక్కడ నుంచి సైకిలు తొక్కుకుంటా ఒచ్చీవోడు. పోయి శానా ఏల్లయింది. అయిదు క్లాసులకీ ఒక్కడే మడిసి. ఒకటో క్లాసోలకి అచ్చరాలు దిద్దిత్తానే, అయిదో క్లాసోలకి బాగారాలు సెప్పీవోడు. స్లాబు కారితే తనే ఎక్కి తారు పూసీవోడు. ఇంకో మేస్టర్ని ఇయ్యండని మండలాపీసుకెల్తే, పిల్లలే లేరు, మేస్టరెందుకయ్యా అనీవోలు. పిల్లల్నంపండని ఊల్లో అడిగితే, మేస్టర్లే లేరు, పిల్లల్నెలగంపుతాం అనీవోలు. మద్దిలో ఈ మడిసి అటూ ఇటూ సైకిలు తొక్కీవోడు.

అప్పుడే పూండిలో కాన్మెంటెట్టినారు. జీడితోటున్న పెతీవోడూ పిల్లడికి టై కట్టి ఆటో ఎక్కించీసినాడు. మిగిలినోలెవులు, కూలోల పిల్లలు. మా లచ్చింకుమారి అప్పుడు మూడో క్లాసు. నా కూతురు కూతురు, తల్లి పోనాక నా కాడే ఉండీది. ఆ ఏడు ఇరవై మందికి తక్కువున్న బడులు ఎత్తీమని పైనుంచి ఆర్డరొచ్చిందట. ఆపీసరొచ్చి తలకాయలు లెక్కెడతాడట. మన బడికి పద్నాలుగు. సర్పంచి కూర్మారావేటన్నాడు, 'నువ్వూరుకో మేస్టారూ, ఆ ఒక్కరోజుకి కాన్మెంటు పిల్లల్ని మాన్పించి తెచ్చి కూకోబెట్టీత్తాం' అన్నాడు. 'అబద్ధం కదండీ' అన్నాడు మేస్టారు. 'అయితే బడి మూసీసుకో' అన్నాడీయన. మేస్టారు పల్లేల ముందు కూకున్న గుంటల్ని ఓపాలి సూసినాడు. సరేనని తలూపీసినాడు.

ఆ రోజు ఒచ్చినారమ్మా తల్లులు, పిల్లల్నట్టుకుని. ఒక్కోడూ పెల్లికొడుకే. టై, బెల్టు, తెల్ల మేజోల్లు, నల్ల బూట్లు. ఓలమ్మా ఇదేటే అంటే, 'ఆపీసరొత్తన్నాడు కదత్తా, మాసిన బట్టలేత్తామేటి' అంది కాంతమ్మ. కాంతమ్మంటే సర్పంచి కోడలే. మేస్టారు పరిగెట్టుకొచ్చినాడు. 'టైలు తీయండి, బెల్టులు తీయండి' అని గబగబా తీయించి, ఎక్కడ దాత్తాడు, నా బియ్యం డేగిసాలో కుక్కీసినాడు. నాను మూతెట్టి దాని మీద కూకున్నాను. నవ్వుతన్నావా. నవ్వు, ఆ రోజు నాకూ నవ్వే ఒచ్చింది. జీపొచ్చింది. ఆపీసరు గుమ్మంలో కాలెట్టినాడో లేదో, మా పిల్లలు 'నమస్కారమండీ' అన్నారు. ఎనకాల నుంచి కాన్మెంటోలు లెగిసి, అందరూ ఒకటే రాగం, 'గుడ్మాణింగ్ సా...ర్'. ఆపీసరు కిందకి సూసినాడు. గుమ్మం పక్కన వరసగా నల్ల బూట్లు. ఆడు కోప్పడలేదు, అదే నాకు మండుతాది. మెత్తగా అన్నాడు, 'ఎవరి బూట్లు వాళ్లు వేసుకుని బయట నిలబడండమ్మా.' నిలబడీసినారు. కాన్మెంటోలు సెప్పిన మాటింటారు గదా. లోపల మిగిలినోల్ని లెక్కెట్టుకుని, 'మాస్టారూ, మీరు కూడానా' అన్నాడు. ఆపీసరే మల్లీ, 'నా చేతిలో ఏముందండీ, పైనుంచి వచ్చిన పాలసీ' అని, మనూరి బొండాం తాగి, జీపెక్కీసినాడు.

సాయంత్రం మల్లీ ఒచ్చినారు తల్లులు. బడేటయిందని కాదు. టైలేవీ అని. మేస్టారు ఒక్కొక్కటీ డేగిసాలోంచి తీసి, బియ్యం దులిపి, సేతికిచ్చినాడు. ఆకర్న కాంతమ్మతో అన్నాడు, 'ఒక్క రోజుకి అరువిచ్చారమ్మా. ఏడాదికిచ్చుంటే బడి ఉండేది.' 'మా పిల్లలు బాగుపడొద్దేటి మేస్టారూ' అంది కాంతమ్మ. దాన్నేటంతాం.

మన బడిని రైలుగేటవతల బడిలో కలిపీసినారు. మేస్టార్ని టెక్కలవతలకి బదిలీ సేసీసినారు. రెండేల్లకి కిడ్నీలు పోయి, ఇశాపట్నం ఆస్పత్రికి తిరిగి తిరిగి పోనాడు. మన ఉద్దానంలో ఆ రోగం కొత్తేటి. కానీ తల్లీ, ఆ మడిసి సర్వీసంతా నిజమే సెప్పినాడు. తప్పింది ఒక్కరోజు. ఆపీసోలు రాసుకున్నది ఆ ఒక్కరోజే. మా గుంట లచ్చింకుమారా? నెల్లాల్లు ఆ గేటవతల బడికి ఎల్లింది. గేటు కాడ గూడ్సు బండాగిపోతే పిల్లలు కింద నుంచి దూరీవోలట. ఓపాలి బండి కదిలిపోనాది, దీని పుస్తకాల సంచి పట్టాల మీదుండిపోనాది. మర్నాటి నుంచి ఎల్లనంటే ఎల్లనంది. ఇప్పుడు పలాసలో జీడిపిక్కలు కొడతాది. ఆ బడిలో పోసిన పిక్కలు దాని సేతికే ఎల్తాయి. దాని సేతి ఏల్లు సూడాల, పిక్కల్లో జీడిరసం తినీసి నల్లగా ఉంటాయి. సంతకమా, ఎందుకెట్టదు, ఎడతాది. మేస్టారి కాడ మూడో క్లాసు దాకా సదివింది గదా...

అదిగో, యానొచ్చీసింది. లెగు లెగు. నీ గుంటడి టై జారిపోనాది సూడు. ఇలా రమ్మను, నాను కడతాను.