జేబులో రెండు చింతగింజలు

1946. చింతపండు కొట్టే రోజులు. డోన్ దగ్గరి ఒక పల్లెలో, కర్నూలు హైస్కూల్లో లెక్కలు చెప్పే తమ్ముడు చాన్నాళ్లకు అక్క ఇంటికి వచ్చి అన్నం తింటున్నాడు.

“అక్కా, చిన్నప్పుడు నాయన మనకు పెట్టిన చింతగింజల పందెం గుర్తుండాదా?”

“యాడ మరిచిపోతా! మూట విప్పి, వందల కుప్పలు పోసి ఎంచితిమి. తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్భై మూడు.”

“ఒక్కటీ మిగలకుండా సమంగా వరసలు పేర్చినోళ్లను కర్నూలు బడికి పంపుతానన్యాడు.”

“ఇద్దరినీ పంపే శక్తి లేక పెట్టినాడులే, పాపం. ఎన్ని వరసలు పేర్చినా నాకు కొన్ని మిగులుతానే ఉండె. ఇది తెగే లెక్క కాదు నాయనా అంటే, నీకు చేతకాదులే పో అనె.”

“నువ్వు చెప్పిందే నిజమక్కా. అది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగదు. మొన్న పిల్లోళ్లకు బోర్డు మీద అదే చేసి చూపిస్తి.”

“మరి నువ్వు పదమూడు వరసలు సమంగా పేరిస్తివే? నాయన నిన్ను భుజాన ఎక్కించుకోని ఊరంతా తిప్పె.”

“రెండు గింజలు జేబులో దాచినా. ఇన్నేండ్లూ నీకు చెప్పలేకపోతి.”

“తెలుసులేప్పా. చొక్కా ఉతికేటప్పుడు దొరికినాయి.”

“మరి నాయనకు ఎందుకు చెప్పలేదక్కా?”

“చెప్పింటే ఇద్దరమూ ఇంట్లోనే ఉందుము. ఆ రెండూ చేని గట్టున పాతిపెడితి. ఇప్పుడు మానులైనాయి. చారు ఇంకో గరిటె పొయ్యాల్నా? వాటి చింతపండే.”