ఆదివారం పాఠం

విశ్వవిద్యాలయ ఉద్యోగుల శిక్షణ కేంద్రంలో ఆమె వచ్చి కూర్చుంది. పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఎదురుగా ఉన్న అధికారి వయసులో ఆమెకంటే చిన్నవాడు.

"ఈసారైనా కోర్సుకి నన్ను తీసుకున్నారా, సార్?"

"లేదక్కా. మీవాళ్లు పంపలేమన్నారు. మీరు లేకపోతే రిజల్ట్స్ ఆగిపోతాయట."

"నిరుడూ ఇదే మాట. ఈ కోర్సు చేస్తేగాని ప్రమోషన్ రాదు. నా పని ఇంకొకావిడకి నేర్పమన్నారు, నేర్పాను."

"మరి ఆవిడ?"

"ఆవిణ్ణి కోర్సుకి పంపారు. ఇప్పుడు నాకు పై అధికారి."

అతను కోర్సు టైంటేబుల్ ఆమె ముందు పెట్టాడు.

"మిమ్మల్ని పిలిపించింది వేరే పనికక్కా. కోర్సులో రిజల్ట్స్ సాఫ్ట్‌వేర్ పాఠం ఉంది. అది మీరే చెప్పాలి."

"నన్ను కుర్చీలోంచి కదలనివ్వనివాళ్లు దీనికి ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నారు. ఆ ఒక్క పాఠం ఆదివారానికి మార్చమన్నారు."

"చెబితే నేనూ కోర్సు చేసినట్టేనా?"

"అడిగాను. కూర్చుని విన్నవాళ్లకే సర్టిఫికెట్ అన్నారు."

"చెప్పనంటే?"

"సహకరించరని పైకి రాస్తారక్కా. అప్పుడు ఉన్న ఆశ కూడా పోతుంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"మా విభాగం నుంచి కోర్సుకి ఎవరొస్తున్నారు?"

"మొన్న చేరినావిడ."

"ఆవిడకి ఇంకా పనే రాదు కదా, సార్."

"అందుకేనక్కా. ఆవిడ లేకపోయినా ఆఫీసు నడుస్తుందట."

ఆమె సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"సరేలెండి, పాఠం తేలిగ్గా ఉండేట్టు చూసుకుంటాను. పాపం, ఆవిడకి అర్థం కావాలి కదా."