గుండె స్కానింగుకు సాంచ సప్పుడు

హోట్గి రోడ్డులో స్కానింగ్ సెంటర్. మిషన్ బల్ల మీద సాయిలు. పక్కన అతని భార్య కమల, స్కాన్ తీసే సోనాలి.

"కాకా, ఇంకా తొంభై రెండే. గుండె గింత ఉరుకుతుంటే ఫోటో సాఫ్ రాదు. అరవై అయిదుకు దిగాలె."

"గోలి ఇచ్చినవు గద బిడ్డా."

"ఇచ్చి గంటయింది. మీరు భయపడుతున్నరు."

"భయమా? నాకా? చెప్పవే కమలా."

"భయమే సోనాలీ. పొద్దుగాల్నుంచి నాలుగుసార్లు బాత్రూముకు వోయిండు."

"ఏయ్, ఊకో!"

"ఫోటో రాకపోతే చేతిలకెల్లి గుండెదాక సన్న గొట్టం పంపి చూడాలంటరు, కాకా."

"గొట్టమా? కమలా, ఇంటికి వోదాం పా."

"ఇగో, తొంభై ఎనిమిది!"

"ఇంత సప్పుడు లేని అర్రల నిమ్మళంగ ఎట్లుంటరు? నలభై ఏండ్లు సాంచ నడిపి బట్ట నేసినోన్ని. సాంచ సప్పుడు ఆగిందంటే పోగన్న తెగినట్టు, కరెంటన్న పోయినట్టు. గుండె గుబేలుమంటది."

"ఆగు... హలో, నేనే. ఫోన్ సాంచ కాడ వెట్టి నడుపు. ఎందుకని అడగకు, నడుపు!"

"ఎవరికే? మన కొడుకు ప్రశాంత్‌కా?"

"కండ్లు మూసుకో. సోనాలీ, స్పీకర్ వెట్టిన, ఈ ఫోన్ ఆయన చెవి కాడ వెట్టు."

"అరే వా! ఎనభై... డెబ్బై నాలుగు... అరవై రెండు! కమలా కాకూ, మీరు బయటికి నడువుండ్రి. కాకా, మందు ఎక్కితే ఒళ్లు వెచ్చగయితది, కదలొద్దు. ఊపిరి వట్టుండ్రి!"

అరగంట తర్వాత, బయట బెంచీ మీద.

"కాకా, డాక్టర్ సాబ్ చూసిండ్రు. నరాలు సాఫ్ ఉన్నయి, గొట్టం అక్కెర్లేదు. ఇగో మీ ఫోన్, మిషన్ కాడనే మరిచిండ్రు."

"బతికిన! కమలా, ఒక మాట. మన సాంచ అట్ల కుంటుకుంట కొట్టదు గద?"

"చాయ్ తాగుదామా?"

"చాయ్ కాదే. అది నీ తమ్మునిది. అంబాదాసుది."

"మరేం జెయ్యాలె? ప్రశాంత్ ఇంట్ల లేడు. రెండిండ్ల నడుమ గోడ లేపినకాడికెల్లి తొమ్మిదేండ్లు, నువ్వు వానితోని మాట్లాడవు. కోపమొస్తే రానీ."

"కోపమెందుకే? మొదటి దెబ్బకే గుర్తువట్టిన. గోడవతల ఆ కుంటి సప్పుడు ఇనవడితెనే నాకు కునుకు వడ్తది. మొన్న వాడు ఊరికి వోతే పది దినాలు కన్ను మూయలే."

"గా ముచ్చట వానికే చెప్పరాదూ?"

"నేనా? చచ్చినా చెప్ప!"

"బావా, ఫోన్ ఇంకా కట్ చెయ్యలే... అన్నీ ఇన్న. రాత్రికి సాంచ ఎన్ని గంటల దాక నడపాలె?"