పెద్ద మేడమ్ కోపమూ, పగడాల తొట్టీ

1988 జులై 11, సోమవారం ఉదయం నగర నీటిశుద్ధి కేంద్రపు ప్రయోగశాలలో జూనియర్ కెమిస్టుగా చేరిన నాడే, చేతులు కడుక్కోకుండా నమూనా సీసా ముట్టుకున్న సీనియర్ ఒకాయనను నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టిన ఘనత, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన ప్రధాన రసాయన శాస్త్రవేత్త గారిది. ఎదురుగా "పెద్ద మేడమ్" అనీ, చాటుగా "క్లోరినమ్మ" అనీ ఆమెను పిలుచుకున్నాం. ఆ రెండో పేరు తమ చెవిన పడనట్టు ఆమె నటించారు, పడలేదని నమ్మినట్టు మనమూ నటించాం. ఈ వ్యాసంలో "మృదుభాషిణి", "శాంతమూర్తి" అన్న విశేషణాలు తప్పక ఉండాలని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం ఆదేశించింది. క్షమించాలి, అంత అబద్ధం రాయడానికి చేయి రావడం లేదు. ఆమె కోపిష్ఠి. ఆ కోపం పుణ్యమా అని ఈ నగరం ఇన్నేళ్లు మంచినీళ్లు తాగింది.

ఉద్యోగంలో తొలి దశాబ్దమంతా ఆమె సీసాల పెట్టె పట్టుకుని వీధివీధీ తిరిగారు. వంటింటి కుళాయి విప్పి, ఇల్లాలు వద్దంటున్నా వినక బిందెలోకి తొంగి చూసి, మూత లేకపోతే అక్కడికక్కడే తలంటారు. సీనియర్ కెమిస్టుగా ఉన్న రోజుల్లో ఒక పేటలో మురుగు వచ్చి మంచినీటి గొట్టంలో కలిసింది. "పెద్దలు తనిఖీకి వస్తున్నారు, రేపటిదాకా గుట్టుగా ఉంచుదాం" అన్నారు పై అధికారి. "అయితే ఇవాళ ఆ నీళ్లు మీ పిల్లలకు తాగించండి, రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం" అని, ఆయన తేరుకునేలోగా వాల్వు మూయించేశారు. ప్రయోగశాలకు అధిపతి అయ్యాక, చేతికింద చేరిన ప్రతివారికీ ఆమె నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: నీళ్లలో ప్రాణమున్నది ఏదీ మిగలకూడదు.

అటువంటి మనిషి మన ప్రవేశ హాలులో పగడాలు పెంచారంటే కొత్తవారికి నమ్మశక్యం కాదు. చాలా ఏళ్ల కిందట ఎవరో సముద్ర ప్రదర్శన పెట్టి, అది ముగిశాక ఉప్పునీటి గాజు తొట్టినీ, కొన్ని రాళ్లనూ, బొటనవేలంత పగడపు ముక్కనూ, రెండు చారల చేపలనూ మన నెత్తిన రుద్ది పోయారు. పారేయమని ఉత్తర్వు వచ్చింది. ప్రాణమున్నవాటిని పారేయమనడానికి వీళ్లెవరని ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే పుస్తకాలు తిరగేశారు, భోజన విరామాలన్నీ ఆ తొట్టికి ధారపోశారు, వేలెడు ముక్కను పళ్లెమంత పగడం చేశారు, దాని తుంపులు రాళ్ల మీద నాటి మరికొన్ని పిల్ల పగడాలూ పెంచారు. "ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే పట్టించుకోదు గానీ, అక్కడ చిటికెడు తేడా వస్తే నిద్రపోదు" అని వారి శ్రీవారు ఈ సంచికకు ప్రత్యేకంగా ఫిర్యాదు పంపారు.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఆమె సెలవు పెట్టి కూతురింటికి వెళ్లారు. ఇదే అదనని మన సిబ్బంది, డిప్యూటీ కెమిస్టు గారి సారథ్యంలో, వీడ్కోలు కానుకగా రెండింతల తొట్టి ఒకటి చేయించి, ఆమె వచ్చేలోగా పగడాలనూ చేపలనూ అందులోకి మార్చేయాలని సంకల్పించారు. ఉద్దేశం బంగారం. చేసిన నిర్వాకం తలుచుకుంటే మాత్రం ఆమెకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మనవడి బడి తెరవడంతో ఆమె అనుకున్నదానికంటే ముందే తిరిగివచ్చి, ప్రయాణపు సంచితోనే హాలులో అడుగుపెట్టారు. ముందుగా తగిలింది క్లోరిన్ వాసన. పాత తొట్టి సగం ఖాళీ; మిగిలిన నీళ్లు గొట్టం గుండా మురుగు కాలువలోకి పోతున్నాయి. చేపలు బకెట్లో మూతులు పైకెత్తి గాలికి తంటాలు పడుతున్నాయి. తెల్లటి గుడ్డ మీద రాళ్లు తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"సర్‌ప్రైజ్, మేడమ్!" అన్నారు డిప్యూటీ గారు, చేతిలో బ్రష్షుతో.

"ముందా గొట్టం మూయండి!" ఆమె సంచి కింద పడేశారు. "ఎవరయ్యా ఈ రాళ్లు కడిగింది?"

"మేమే మేడమ్. అబ్బో, ఎంత జిగురు పట్టిందో! ఒక్కొక్కటీ తోమి, క్లోరిన్ నీళ్లలో నానబెట్టాం. సగం అయ్యాయి. ఒక్క క్రిమి మిగిలితే ఒట్టు!"

"ఒక్కటీ మిగల్లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా! మీరు నేర్పింది నేర్పినట్టే చేశాం."

తన జీవితకాలపు బోధన ఇంత శ్రద్ధగా, ఇంత నిష్ఠగా, ఇంత బుద్ధిహీనంగా ఆచరణలోకి రావడాన్ని ఏ గురువు మాత్రం తట్టుకోగలరు! ఆమె తోమిన రాయి ఒకటి చేతికెత్తుకుని ఆయన ముక్కు ముందు పెట్టారు.

"ఆ జిగురేనయ్యా వాటి ప్రాణం! చేపల మురికి విషం కాకుండా తినేసేవి ఆ రాళ్లలోని క్రిములే. వాటిని చంపి చేపల్ని ఈ కొత్త డబ్బాలో వేస్తే తమ మురికిలో తామే చస్తాయి. తాగే నీళ్లు వేరు, బతికే నీళ్లు వేరు. ఆ మాత్రం ఇంగితం లేదా? ఇన్నేళ్లు చదివి వెలగబెట్టింది ఇదా?"

"మీ మీద ప్రేమతోనే మేడమ్..." అని ఎవరో నసిగారు.

"తగలెయ్యండి మీ ప్రేమ!"

తిడుతూనే పని మొదలుపెట్టారు. ఇంకా తోమకుండా, ఎండిపోకుండా మిగిలిన రాళ్లను, వాటి మీది పిల్ల పగడాలతో సహా, తిరిగి పాత తొట్టిలో, మిగిలిన పాత నీళ్లలోనే అమర్చారు. కొత్తగా కలిపిన ఉప్పునీటి గాఢతనూ వెచ్చదనాన్నీ సరిచూసి కొద్దికొద్దిగా పోశారు. బకెట్లో గాలి గొట్టం పెట్టించి, చేపలు తెప్పరిల్లాక వదిలారు. అంతా అయ్యాక, క్లోరిన్‌లో మునిగిన రాళ్ల నడుమ ఆ పళ్లెమంత పగడం కనిపించింది. పాలిపోయి, మెత్తబడి, వేళ్ల మధ్య చీలిపోయింది. ముప్పై ఆరేళ్లలో ఈ కార్యాలయం ఆమె కంట తడి చూడటం అదే మొదలు. అది దుఃఖం ఒక్కటే కాదు, పట్టలేని ఆగ్రహం కూడా. దగ్గరికి వెళ్లి ఓదార్చే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది, ఉండకూడదు కూడా.

కొత్త తొట్టి ఇప్పుడు హాలులో ఉప్పునీళ్లతో, ఒకే ఒక్క పాత రాయితో వెలవెలబోతూ ఉంది. అందులో క్రిములు పెరిగి నీళ్లు కుదురుకున్నాకే ఒక్కొక్క రాయీ, తర్వాత పగడాలూ, అన్నిటికన్నా చివర చేపలూ మారాలని ఆమె శాసనం. అది విరమణ తేదీ నాటికి తెమిలే పని కాదు. ఎవరి చేతుల్లో ఆ పగడం చచ్చిందో వారి చేతుల్లోనే మిగిలిన ప్రాణాలన్నీ పెట్టి వెళ్లాలన్నదే ఆమెను నిలువునా దహిస్తున్న బాధ. వీడ్కోలు సభ నాడు ఫోటో కోసమైనా చేపల్ని కాసేపు కొత్త తొట్టిలో వేద్దామని ఆఫీసు సూపరింటెండెంటు గారు సెలవిచ్చారు. "ముందు మిమ్మల్ని దింపి తీయిద్దాం, బాగా వస్తే అప్పుడు చూద్దాం" అన్నారు పెద్ద మేడమ్.

డిప్యూటీ గారు ఇప్పుడు రోజూ ఆ నీళ్లను పరీక్షించి ఫలితం అప్పజెబుతున్నారు, ఆమె రోజూ అనుమానంగా చూసి మళ్లీ చేయిస్తున్నారు. మొన్న ఆయన ధైర్యం కూడగట్టుకుని, "మేడమ్, మా మీద ఇంకా కోపం పోలేదా?" అని అడిగారు.

"పోవడమా? ఇప్పుడే మొదలైంది. చివరి చేప అందులో చేరి, హాయిగా తిరిగేదాకా పోదు. రిటైరైతే ఏం, రోజూ వచ్చి మరీ తిడతా!"

కావున, సకుటుంబ సపరివారంగా ఆమె ఆయురారోగ్యాలతో, సుఖసంతోషాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, మన మీద ఆ కోపం మాత్రం ఎన్నటికీ చల్లారకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.