కడుపు మీది కొబ్బరినూనె

అమ్మలారా, అయ్యలారా, మా అక్క ఎల్పిదియా పోయిన తొమ్మిదో నాటి ప్రార్థనకు వలలు ఆరేసి వచ్చిన సమార్ దీవి తీరపు జాలరి సోదరులారా.

ఇందాక ఫాదర్ గారు "అంతా దేవుడి చిత్తం" అన్నారు. పొట్ట కడుక్కుని రమ్మని ఏ దేవుడు చెప్పాడు?

అక్క ఎవరినీ నొప్పించలేని మనిషి. రేవులో ఇద్దరు బేరగాళ్లు ఒకే ఎండుచేప పట్టుకుని లాక్కుంటుంటే, దాన్ని చెరిసగం చేసి ఇద్దరినీ నవ్వించింది. కడుపుతో ఉన్నప్పుడూ అంతే. మన మంత్రసాని ఇపాంగ్ అవ్వ చేత పొట్టకు కొబ్బరినూనె రాయించుకునేది. అవతలి దీవిలో ఆరోగ్య కేంద్రానికీ వెళ్లేది. అవ్వా, నర్సూ ఇద్దరూ కావాలనుకుంది. అది నేరమా?

నేరమే అన్నారు. ఆ కేంద్రంలో నర్సు మారితెస్ గారు పొట్ట మీద చెయ్యి వేసి, వరసలో ఆడవాళ్లంతా వినేలా అన్నారు: "ఏమ్మా, వేపుడుకు సిద్ధమై వచ్చావా? ఆ నూనె రాసినామె దగ్గరే కను, పో." అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మరి ఇపాంగ్ అవ్వ తక్కువ తిందా? "సూదులమ్మ దగ్గరికి పోయేదానివి నా గడప తొక్కకే" అని మూతి తిప్పింది. అప్పట్నుంచి అక్క ఇద్దరి దగ్గరికీ దొంగలా వెళ్లింది.

అక్క పోయిన రోజు పొద్దున కాళ్లు వాచాయి. తల పగిలిపోతోందంది, కళ్లు మసకలంది. అది ప్రమాదమని నేను కరపత్రంలో చదివాను. "అక్కా, లాంచీ ఎక్కు" అని అరిచాను. అవ్వ కూడా అదే చెప్పింది, అబద్ధమాడను. కానీ ముందురోజే నూనె రాయించుకుంది కదా. "ఈ వాసనతో పోతే మళ్లీ అందరి ముందూ అంటుందిరా" అంటూ నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని, సబ్బుతో, నిమ్మచెక్కతో పొట్ట రుద్దుకుంటూనే ఉంది. లాంచీ వెళ్లిపోయింది. చేపల పడవ దొరికి, సగం దూరం పోయేసరికి ఫిట్స్ వచ్చాయి. తల్లీ బిడ్డా నీళ్ల మధ్యే పోయారు. నా ఒళ్లో అక్క దగ్గర నూనె వాసన లేదు. నిమ్మకాయ వాసన వచ్చింది.

మారితెస్ గారూ, మీరు తలుపు దగ్గర నిలబడ్డారు. అవ్వా, నువ్వు శిలువ కింద కూర్చున్నావు. ఈ రోజు కూడా మీ మధ్య ఇంత దూరమా? మిమ్మల్ని తిట్టాలనే వచ్చాను. తిడితే అక్క లేస్తుందా? ముందు వరసలో మా లిగాయా వదిన ఉంది, ఏడో నెల. రేపు ఆమె ఎటు పోవాలి? నూనెతో వస్తే మీరు ముట్టుకుంటారా? సూది వేయించుకుని వస్తే, అవ్వా, నువ్వు ముట్టుకుంటావా? నేను చదివిన ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు.

ఇప్పుడు లేవండి. మా అక్క కోసం, పేరు కూడా పెట్టని ఆ బిడ్డ కోసం మౌనంగా నిలబడదాం. కడుపుతో ఉన్నవాళ్లు కూర్చోండి. వదినా, నువ్వు లేవకు. మారితెస్ గారూ, అవ్వా, మీరిద్దరూ వచ్చి ఆమెకు చెరోపక్క నిలబడండి. మీరు వచ్చేదాకా మేం కూర్చోం.